కళ్యాణదుర్గం దారిలో తప్పిపోయిన బండ్లు

నేల మీద మా దారులన్నీ ఇంచుమించు ఒకే వెడల్పు. ఎదురుగా బస్సు వస్తే ఎద్దుల బండి పక్క మట్టిలోకి దిగాల్సిందే. నా బల్ల మీద మాత్రం ఒక్కో దారికి ఒక్కో లావు ఉండేది. అనంతపురం నుంచి బెంగళూరు పోయే దారి నా చిటికెన వేలంత. ఉరవకొండ దారి గోరంత. గుమ్మఘట్ట వైపు నుంచి కళ్యాణదుర్గం వచ్చే దారి అగ్గిపుల్లంత. ఏ దారిన ఎక్కువ వాహనాలు పోతే ఆ దారి గీత అంత లావు. ఆ పటం గీయడం నా ఉద్యోగం.

అది డెబ్భైల చివరి కాలం. కళ్యాణదుర్గంలో రోడ్ల శాఖ ఆఫీసు ఒకటి పెంకుటింట్లో ఉండేది. అందులో నేను ట్రేసర్‌ని. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన కాగితం మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి, నల్ల సిరాతో మళ్ళీ గీసేదాన్ని. చెమట చుక్క పడితే గుడ్డ ఉబ్బిపోయేది. అందుకని మణికట్టు కింద ఎప్పుడూ ఒక చేతిగుడ్డ పెట్టుకునేదాన్ని. ఎండాకాలం కలంలో సిరా గుడ్డను తాకేలోపే ఎండిపోయేది. గాలి దుమారం లేచిందంటే కిటికీలన్నీ మూసి, పటం మీద చీర కొంగు కప్పి, దుమ్ము అణిగేదాకా దాని మీదికి వంగి నిలబడేదాన్ని. ఈ మాటలు రాస్తుంటే ఇప్పుడు కూడా ఆ సిరా వాసన ముక్కుకు తగులుతోంది.

నేను మిషన్ బడి హాస్టల్లో పెరిగాను. పొద్దున వాక్యం, సాయంత్రం వాక్యం, మధ్యలో చదువు. కొలతలో మోసం దేవునికి అసహ్యమని అక్షరాలతో పాటే నేర్పారు మాకు. కాబట్టి గీత లావు విషయంలో నాకు కొంచెం చాదస్తం ఉండేది. గీత తప్పయితే బ్లేడుతో గీకి, సుద్దపొడి రుద్ది, మళ్ళీ గీసేదాన్ని. మా పెద్ద గుమాస్తా అది చూసి నవ్వేవాడు. ఆయన ధర్మవరం వైపు మనిషి, పట్టుచీరలు నేసే ఇంట పుట్టినవాడు.

"ఏమమ్మా, మా ఇంట్లో కొంగు నేసినట్టు నేస్తాండావే రోడ్డును! దీన్నెవురన్నా కట్టుకుంటారా?" అనేవాడు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు వాహనాల లెక్క జరిగేది. ఒక వారం పాటు ఒక్కో దారిలో అక్కడక్కడా తడికల పందిరి వేసి, ఒక మనిషిని కూర్చోబెట్టేవాళ్ళు. చేతిలో అట్ట, దాని మీద కాగితం. బస్సుకొక గడి, లారీకొక గడి, బండికొక గడి, సైకిలుకొక గడి. ఒక్కో వాహనం పోతే ఒక్కో నిలువు గీత, అయిదోదానికి అడ్డగీత. వారం తిరిగేసరికి ఆ కాగితాలన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. పటం గీసే ముందు వాటిని ఒకదానితో ఒకటి సరిచూడాలి. ఒక పందిరి దాటిన వాహనం తరువాతి పందిరిని కూడా దాటాలి, లేదంటే మధ్య ఊళ్ళో ఎక్కడో ఆగాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఒక్క ఏడాది కూడా అవి సరిపోయిన పాపాన పోలేదు.

ఒకాయన ట్రాక్టరును, దాని ట్రాలీని విడివిడిగా రెండు బండ్లని రాశాడు. ఇంకొకాయన టీకొట్టు దగ్గర వెనక్కి తిప్పుకున్న బస్సును పోయినప్పుడొకసారి, వచ్చినప్పుడొకసారి రాశాడు. ఉరవకొండ దారిలో ఒక ముసలాయన బండ్లు లెక్కపెట్టమంటే ఎద్దుల్ని లెక్కపెట్టాడు. ఎందుకలా రాశావయ్యా అంటే, "బండి యాడన్నా దానంతట అది పోతాదా తల్లీ? పోయేది ఎద్దులు గదా!" అన్నాడు. ఇలాంటివి కనుక్కోవడం నాకు భలే ఇష్టంగా ఉండేది. బస్సెక్కి పోయి, ఆ మనిషి పక్కన కాసేపు కూర్చుని, రెండు మాటలు మాట్లాడితే తెలిసిపోయేది. తిరిగి వచ్చి సరిదిద్ది, గీత గీసేదాన్ని.

ఆ ఏడాది మాత్రం ఒక లెక్క మాటలతో తేలేలా కనిపించలేదు.

రెండు కరువుల తరువాత వేరుశనగ కొంచెం పండిన ఏడాది అది. గుమ్మఘట్ట చుట్టుపక్కల రైతులు కాయను బండ్లకెత్తి కళ్యాణదుర్గం మిల్లులకు తోలుకొచ్చేవాళ్ళు. ఆ దారిలో రెండు పందిళ్ళు వేశాం. ఒకటి అటు కర్ణాటక సరిహద్దు పల్లె దగ్గర, ఒకటి ఇటు మా ఊరి మొదట్లో. పొద్దున ఇక్కడ దాటిన ఖాళీ బండి సాయంత్రానికి అక్కడ దాటాలి. మా ఊరి కాగితంలో ఏడు రోజులూ బండ్లు ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి. సరిహద్దు కాగితంలో ఆదివారం గడి నిండిపోయి, గీతలు అంచులోకి కూడా పాకాయి. సోమవారం గడిలో ఒక్క గీత లేదు.

సరిహద్దు పందిట్లో కూర్చున్నది మా గ్యాంగు మనిషి. రోడ్డు మీద గుంతలు పూడ్చి, దిమ్మిసతో కంకర గట్టిగా కొట్టే కూలి. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టినవాడు. భుజం మీద గొంగడి లేకుండా నేనెప్పుడూ చూడలేదు. ఏళ్ళ తరబడి రోజుకూలీగా ఉన్నాడు. పని ఉన్న నెల కూలి, లేని నెల పస్తు. ఆ ఏడాది కొంతమంది కూలీలను పర్మినెంటు చేస్తామని పైనుంచి ఉత్తరువు వచ్చింది. మా ఇంజనీరు పంపవలసిన జాబితాలో అతని పేరు ఉంది. ఆ పేరు పైకి పోతే కరువు వచ్చినా అతనికి నెల జీతం వస్తుంది. పోకపోతే మళ్ళీ ఇలాంటి ఉత్తరువు ఎన్నాళ్ళకు వస్తుందో ఎవరికీ తెలియదు.

ఇంజనీరు కృష్ణా జిల్లా మనిషి. కోపిష్టి, కానీ అన్యాయస్థుడు కాదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి నన్ను పిలిచాడు.

"చూడమ్మా. ఆదివారం పొంగి పొర్లింది. సోమవారం గుండు సున్నా. మన ఊరి పోస్టులో చూస్తే అన్ని రోజులూ బుద్ధిగా ఉన్నాయి. దీనర్థమేంటి? సోమవారం హాయిగా పడుకుందామని, ఆ బండ్లు కూడా ఆదివారమే గీసి పెట్టుకున్నాడు."

"సోమవారం బస్సులన్నీ రాసినాడు సార్," అన్నాను.

"ఆ దారిలో బస్సుల టైములు చంటిపిల్లాడికి కూడా తెలుసమ్మా. ఇంట్లో కూర్చుని రాసెయ్యొచ్చు."

మేస్త్రీని పంపి అడిగించాడు. మేస్త్రీ కర్నూలు నుంచి బదిలీ మీద వచ్చి నెల కూడా కాలేదు. పోయి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అడిగినా సార్. 'సోమవారం బండ్లు యాడుంటాయప్పా' అన్యాడు. అంతే. మళ్ళా దిమ్మిస ఎత్తుకున్యాడు."

"చూశావా పొగరు!" అన్నాడు ఇంజనీరు. జాబితా తీసి ఆ పేరు పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టాడు. "వీణ్ణి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రెండు కాగితాలకీ సగటు తీసి పటం గీసెయ్యమ్మా. మంగళవారం అనంతపురం పోవాలి."

సగటు తీస్తే గీత వచ్చేస్తుంది. కానీ ఆ సగటు కింద ఆ మనిషి అబద్ధం రాశాడన్న తీర్పు కూడా పైకి పోతుంది. ఆ రోజు శనివారం. సోమవారం ఒక్కరోజు టైమివ్వమని, అక్కడికి పోయి చూసి వస్తానని అడిగాను. ఇంజనీరు నా మొహం చూసి, "చార్జీలు నీవే" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

సోమవారం మొదటి బస్సెక్కాను. ఆ బస్సంటే నాకిప్పటికీ ముచ్చటే. ముందు సీట్లలో తెలుగు, వెనక సీట్లలో కన్నడం, కండక్టరు నోట రెండూ కలిపి. బస్సు మీద మేకలు, కింద మనుషులు. దారి పొడుగునా కాయ పెరికిన చేలు ఎర్రగా, ఖాళీగా ఉన్నాయి. సగం దూరం దాకా మా ఊరి దగ్గరి పల్లెల బండ్లు ఎదురవుతూనే ఉన్నాయి. ఆ తరువాత ఒక్కటీ లేదు.

పల్లె మొదట్లో దిగేసరికి అతను గుంతలో కంకర సర్దుతున్నాడు. నన్ను చూసి గబగబా చేతులు దులుపుకున్నాడు.

"దండం తల్లీ. ఇంత దూరం మీరొచ్చినారేమి?"

"నీ సోమవారం లెక్క కోసమే వచ్చినాప్పా."

"మళ్ళా అదేనా! మేస్త్రీ కూడా అదే అడిగె. ఈ పొద్దు ఏం వారం?"

"సోమవారం."

"మరింకేమి? మీకూ కండ్లుండాయి గదా. ఎన్ని బండ్లు పోతాండాయో మీరే చెప్పండి."

దారి మీద మనుషులున్నారు, గొర్రెలున్నాయి, సైకిళ్ళున్నాయి. బండి లేదు. నన్ను ఊళ్ళోకి తీసుకుపోయాడు. ప్రతి ఇంటి ముందూ నొగలు నేలకు ఆనించిన బండి ఉంది. కాడి విప్పి గోడకు చేరవేశారు. అతని ఇంటి ముందు వాళ్ళమ్మ ఒక ఎద్దు వీపు మీద కడవ నీళ్ళు పోసి రుద్దుతోంది. తాగే నీళ్ళు మోయడానికే అరమైలు పోవలసిన ఊరది. ఎద్దు కదిలితే, "నిల్లప్పా, నిల్లు" అని కన్నడంలో గదమాయిస్తోంది. కొమ్ములకు పసుపు పూసి ఉంది.

"సోమవారం ఎద్దును కడతారా తల్లీ ఎవురన్నా? బసవన్న దినం," అన్నాడు. "నేను కడితే ఈమె నా కాళ్ళిరగ్గొట్టి, వాటిని కూడా ఆ కాడికే కడతాది."

"మరి ఆదివారం అన్ని బండ్లేమి?"

"సోమవారానికి ఎద్దు కొట్టానికి చేరల్ల గదమ్మా. కళ్యాణదుర్గంలో కాయ దించినోళ్ళంతా ఆదివారమే ఎనక్కి తోలుకొని వస్తారు. ఒకటే గోల. గీతలు గీసి గీసి నా చేతి ఏళ్ళు నొప్పి పుట్టినాయి."

"ఈ మాట మేస్త్రీకి చెప్పి ఉంటే సరిపోయేది కదప్పా!"

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "రాత్రి చీకటిగా ఉంటాదని కూడా రాయల్లనా కాగితంలో?"

నా వరకు నాకూ ఆ సంగతి తెలియదు. మా హాస్టల్లో ఎద్దులు లేవు. కానీ ఎద్దుకూ గాడిదకూ ఒక విశ్రాంతి దినం ఇవ్వమన్న ఆజ్ఞ చిన్నప్పుడు కంఠతా పట్టిందే. ఎన్నోసార్లు సండే స్కూల్లో పిల్లలకు చెప్పాను కూడా. అది ఎక్కడో ఎడారి దేశంలో ఎప్పుడో జరిగిన సంగతని నా మనసులో ఉండేది. ఆ రోజు ఆ ఊరి వీధిలో, పక్షపాతం లేని ఎండలో, ఆ పశువులు కళ్ళు మూసుకుని నెమరు వేస్తూ నా ముందే ఉన్నాయి. వాళ్ళ దేవుడు వేరు, నా దేవుడు వేరని నాకు తెలుసు. అయినా ఆ ఎద్దుల ముందు నాకు ప్రార్థనే వచ్చింది.

బస్సు కోసం నిలబడినప్పుడు అతను గొంగడి సర్దుకుంటూ అడిగాడు. "నా పేరు తీసేసినారంట గదా?"

"తీసేయలేదు. పక్కన పెట్టినారు."

"పక్కన పెట్టినదాన్ని మళ్ళా ఎవురు చూస్తారు తల్లీ? ఈ దారి పక్కన పెట్టిన కంకర కుప్పలు చూడండి, ఎన్నేండ్లయిందో!"

ఆ మాట తమాషాగానే అన్నాడు. కానీ మొహంలో నవ్వు లేదు.

తిరుగు బస్సులో నాకు సంతోషంగా ఉంది. సోమవారం సున్నా నిజం, ఆదివారం రద్దీ నిజం. ఇంజనీరుకు చెప్తే సరి అనుకున్నాను. ఊరు దగ్గర పడేసరికి ఇంకో ప్రశ్న లేచింది. ఆదివారం సాయంత్రం అన్ని బండ్లు అక్కడ దాటాయంటే, పొద్దున అవన్నీ మా ఊరి పందిరిని దాటి ఉండాలి. మా ఊరి కాగితంలో ఆదివారం కూడా మామూలుగానే ఉందే! ఇంజనీరు ముందు అడిగేది అదే.

అంతలో బస్సు మా ఆరాధన మందిరం ముందు నుంచి తిరిగింది. గేటుకు కట్టిన మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి. అవి కోత పండుగకు కట్టినవి.

లెక్క జరిగిన వారంలోని ఆదివారమే మాకు కోత పండుగ. మా సంఘంలో ఏడాదికి అంత పెద్ద సంబరం ఇంకోటి ఉండేది కాదు. పండినవాళ్ళు పండినంత తెచ్చేవాళ్ళు. వేళ్ళతో సహా పెరికిన వేరుశనగ చెట్లు, గుమ్మడికాయలు, జొన్న కంకులు, గంప కింద కోళ్ళు. ఆ సువాసనకు పిల్లలు ప్రసంగం వినేవాళ్ళు కాదు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేసేవాళ్ళు. పది పైసల గుమ్మడికాయను పోటీలు పడి రూపాయికి పాడేవాళ్ళం, దేవుని పనికని. ఆ ఏడాది వేలం పాడించింది ఆరాధనలో పాటలు నడిపించే మా పాటల పెద్ద. "చూడండమ్మా, ఈ కోడిపుంజు కూత మన అయ్యగారి ప్రసంగం కన్నా పొద్దున్నే మొదలవుతాది, తొందరగా అయిపోతాది!" అంటే మందిరమంతా గొల్లుమంది. మా పాస్టరు అయ్యగారు కూడా నవ్వారు. తెల్లవారుజాము నుంచి తోరణాలు కట్టిందీ ఆ పాటల పెద్దే, మధ్యాహ్నం దాకా వేలం పాడించిందీ ఆయనే.

మా ఊరి పందిట్లో బండ్లు లెక్కపెట్టడానికి పెట్టిన మనిషి కూడా ఆయనే.

మిల్లులో ఆయన పని పోయి నెలలైంది. నలుగురు పిల్లలు. లెక్క పని ఉందని ఆయనకు కబురు చెప్పింది నేనే. ఇంటికి పోకుండా నేరుగా వాళ్ళింటికి నడిచాను. దీపాలు పెట్టే వేళ. ఆయన అరుగు మీద చిన్నకొడుకు చేత పాట పలికిస్తున్నాడు. భార్య చేటలో కొర్రలు చెరుగుతోంది.

"రా చెల్లెమ్మా, కూచో. ఏమి, మొహమంతా దుమ్ము?"

"సరిహద్దు దాకా పోయొచ్చినాన్నా." అక్కడ చూసినదంతా చెప్పాను. ఆ గ్యాంగు మనిషి పేరు పక్కన పెట్టిన సంగతి కూడా చెప్పాను. ఆయన పాట ఆపేశాడు. కొడుకును లోపలికి పొమ్మన్నాడు.

"కోత పండుగనాడు నేను ఆడ కూచ్చొనుంటే ఈడ పాట ఎవురు ఎత్తుకోవల్ల చెప్పు? ఆదివారం దేవునిది. నువ్వే చెప్తావు గదా సండే స్కూల్లో."

"ఆఫీసులో ఆ మాట చెప్పి ఉంటే వేరే మనిషిని కూచోబెడుతుండిరి కదన్నా ఆ ఒక్క దినం."

"చెప్తే ఆ ఒక్క దినమేనా? వారమంతా వేరేవాణ్ణే పెడతారు. శనివారం ఎన్ని పోయినాయో ఆదివారం కూడా అన్నే పోయింటాయిలే అని రాసినా. ఎవురికి నష్టమనుకుంటి?"

చేట చప్పుడు ఆగింది. అంతసేపూ తల ఎత్తని ఆమె తల ఎత్తింది.

"దినమేమో దేవునికిచ్చినావు. దాని కూలేమో సర్కారు కాడ తీసుకుంటివి. ఒకే దినాన్ని ఇద్దరికి అమ్మినావే అయ్యా! వేలం పాట బాగా నేర్చినావు."

ఆయన మొహం నల్లబడింది. నాకు లేచి పోవాలనిపించింది. పోలేదు.

"రేపు పొద్దున ఇంజనీరు గారికి చెప్పల్ల," అన్నాను. "నేను చెప్పే ముందు మీరు చెప్తే బాగుంటుందన్నా."

"ప్రార్థన చెయ్యి చెల్లెమ్మా," అన్నాడు ఆయన. ముగ్గురం ఆ అరుగు మీదే మోకరించాం. ఏం ప్రార్థించానో గుర్తు లేదు. చెరిగిన కొర్రపొట్టు మోకాళ్ళకు గుచ్చుకున్న సంగతి మాత్రం గుర్తుంది.

మంగళవారం నేను ఆఫీసుకు పోయేసరికే ఆయన గడప బయట చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. ఇంజనీరు రాగానే లోపలికి వెళ్ళి, దాచకుండా చెప్పాడు. నేను సోమవారం ఎద్దుల సంగతి చెప్పాను. ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"నీ దేవుడు నిన్ను గుడికి రమ్మన్నాడు, సరే. అబద్ధం రాయమన్నాడా?"

"లేదు సార్. అది నేను రాసిందే."

మా పెద్ద గుమాస్తా ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్నాడు. "మా మగ్గానికి అమావాస్య సెలవు సార్. ఈళ్ళకు ఆదివారం. ఎద్దుకు సోమవారం. ఇంక దినామూ సెలవు మన ఆఫీసు ఫ్యానుకే," అన్నాడు. ఆ ఫ్యాను చెడిపోయి రెండు వేసవులైంది. ఇంజనీరుకు నవ్వు ఆగలేదు. నవ్వయ్యాక మళ్ళీ గట్టిగా అన్నాడు.

"ఎవరి మాటా నమ్మను. వచ్చే ఆదివారం, సోమవారం మళ్ళీ లెక్క పెట్టండి. మనుషుల్ని మార్చండి. ఆ గ్యాంగువాడు ఆదివారం ఇక్కడ కూర్చుంటాడు. ఈయన సోమవారం అక్కడ కూర్చుంటాడు. ఎవరి ఊరి సాక్ష్యం వాళ్ళు చెప్పుకోకూడదు. పటం వారం ఆగుతుందని నేను రాసుకుంటాను."

ఆ ఆదివారం పొద్దున నేను మందిరానికి ఎప్పుడూ పోయే దారిన కాకుండా పందిరి మీదుగా పోయాను. వెలుగు వచ్చీ రాకముందే మొదలయ్యాయట. ఖాళీ బండ్లు ఒకదాని వెనక ఒకటి, కంటికి ఆనినంత దూరం. తోలేవాళ్ళు బండి మీద పడుకుని ఉన్నారు. ఎద్దులకు దారి తెలుసు, ఇంటికి పోతున్నామని కూడా తెలుసు. ఎద్దుల మెడ గంటల చప్పుడులో మా మందిరం గంట మోగినా నాకు వినిపించలేదు. గ్యాంగు మనిషి నోట్లో పెన్సిలు పెట్టుకుని, వేలు విరుచుకుని, మళ్ళీ గీత గీశాడు. మా పాటల పెద్ద కూడా చేతిలో పాటల పుస్తకంతో దారి అవతల నిలబడి ఆ బండ్లను చూస్తున్నాడు. ఆ రోజు ఆరాధనలో ఆయన పాట ఒక స్థాయి తగ్గించి ఎత్తుకున్నాడు.

ఇప్పుడు ఆ దారిన ట్రాక్టర్లు పోతాయి. వాటికి ఏ వారమైనా ఒకటే. నేను ఆ తరువాత ఎన్నో పటాలు గీశాను, ఎనభైలలో అనంతపురానికి బదిలీ అయి ఇంకా పెద్ద పటాలు గీశాను. ఆ ఆదివారం గంటల చప్పుడు లాంటిది మళ్ళీ వినలేదు.

ఆ మర్నాటి సోమవారం మా పాటల పెద్ద సరిహద్దుకు పోయాడు. మంగళవారం ఇద్దరూ ఆఫీసుకు వచ్చి గడప బయట నిలబడ్డారు. ఇంజనీరు ఆదివారం కాగితం చూశాడు. గీతలు అంచులోకి పాకి ఉన్నాయి. సోమవారం కాగితం చూశాడు. బండ్ల గడి ఖాళీ. "ఒక్కటి కూడానా?" అన్నాడు.

"ఒక్కటి కూడా లేదు సార్. పొద్దు మునిగేదాకా కూచ్చొన్నా."

ఇంజనీరు జాబితా తీసి, పెన్సిలు గుర్తును రబ్బరుతో చెరిపి, సంతకం పెట్టాడు. గ్యాంగు మనిషి వైపు చూసి, "నీ పేరు పోతోందయ్యా. ఇకనుంచి మేస్త్రీ అడిగితే నాలుగు మాటలు ఎక్కువ చెప్పు," అన్నాడు. తరువాత మా పాటల పెద్ద వైపు తిరిగాడు. "నీకు ఆ ఆదివారం కూలి రాదు. వచ్చే లెక్కకు నిన్ను పిలవను."

"సరే సార్," అన్నాడు ఆయన.

ఇద్దరూ బయటికి పోయారు. నా కిటికీ కిందే టీ బండి ఉండేది. బల్ల మీద వంగి ఉన్నా వాళ్ళ మాటలు వినిపించేవి.

"ఏమన్నా, నిన్న మావోళ్ళు కూడు పెట్టినారా నీకు?" అన్నాడు గ్యాంగు మనిషి.

"పెట్టినారు. మీ అమ్మే సంగటి తెచ్చిచ్చె. బండ్లేమన్నా వస్తాయా అవ్వా అని అడిగినా. చెయ్యి పట్టుకొని కొట్టంలోకి తీసకపోయె. 'ఈడ రెండుండాయి, పండుకోనుండాయి, రాసుకో' అనె."

"రాసుకోకుంటే నీకు మజ్జిగ పోసిండదు."

ఇద్దరూ నవ్వారు. కాసేపు టీ గ్లాసుల చప్పుడు.

"నన్ను పర్మినెంటు చేస్తే నా కూలి జాగా ఖాళీ అయితాది గదన్నా," అన్నాడు గ్యాంగు మనిషి. "మేస్త్రీ మనిషి కోసం చూస్తాండాడు. దిమ్మిస పని. గ్యాంగుకు ఆదివారం సెలవే. ఎవురినీ అడిగే పన్లేదు."

"నాకు దిమ్మిస ఎత్తను రాదే."

"పాట ఎత్తుకుంటావంట గదా, దిమ్మిస ఎత్తుకోలేవా? మా గ్యాంగులో పాట లేంది చెయ్యి లేవదు. పాడే మనిషి లేక నెల నుంచి మూగోళ్ళ మాదిరి కొడతాండాము."

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"పొద్దున ఎన్ని గంటలకు రావల్ల?" అన్నాడు మా పాటల పెద్ద.